ఈ ఏటి శాలువా

ఇగో, ఇంకోటి తెచ్చిన. చూసుకో. ఈసారి గూడ అదే మెరూన్ రంగు, అదే పసుపు అంచు. ఏటా ఒక్క దుకాణంలనే కొంటరో ఏమో, మడత గూడ ఒక్కతీరే ఉంటది. నీ పేరు చెప్పి నాకు కప్పుతరు, నేను తెచ్చి పెట్టెల పెడ్త. ఎవరు కప్పుకోవాలె వీటిని? నువ్వా?

గట్ల చూడకు. పొద్దుగాల పోయినదాన్ని ఇప్పుడే వచ్చిన. కాళ్ళు వాసినయ్. మీ అమ్మ సైదమ్మ బయట మంచంల ఒరిగింది. నీ తమ్ముడు గోప్య మిర్చికి మందు కొట్టను పోయిండు. కొడుకేమో హాస్టల్ల. ఇంట్ల నువ్వూ నేనే. అందుకే నిన్ను గోడ మీదికెళ్ళి దించి ముందట పెట్టుకున్న. ఫోటో మీద దుమ్ము గూడ తుడిచిన. యూనిఫాం మంచిగనే ఉంది, టోపీ మాత్రం ఇంకా వంకరే. ఫోటో తీసేనాడు చెప్పిన గదా సక్కగ పెట్టుకొమ్మని? ఇన్నవా?

మైకుల ఆయన గొంతు సవరించుకొని పిలిచిండు. "అమరుడు బానోత్ రెడ్యా గారి సతీమణి, శ్రీమతి పుష్ప గారు!" అందరు చప్పట్లు. అడవి రోడ్డుకు కాపలా డ్యూటీ పడి నువ్వు మందుపాతర మీద కాలు పెట్టి ఆరేండ్లాయె. నువ్వు అన్నిట్ల నుంచి దిగిపోయినవ్. నాకే ఈ సతీమణి పోస్టుకు రిటైర్మెంట్ లేదు.

అయినా ఇది పాత కతే. ఈ ఏడు కొత్త కత ఉంది, ఇను.

యుద్ధం అయిపోయిందట. పెద్ద సారు మైకుల చెప్పిండు. అడవి సల్లగైందట, ఇగ అందరం కలిసి కొత్త బతుకు కట్టుకోవాలెనట. మాకు శాలువాలు కప్పుడు అయినంక అదే స్టేజీ మీద, అవే కుర్చీలు ఒక దిక్కు జరిపి, పెండ్లి చేసిండ్రు. ఎవరికనుకున్నవ్? తుపాకులు అప్పజెప్పి వచ్చిన జంటకు! బాజాలు, బాసింగాలు, అన్నీ. ఆఫీసర్లే పెద్దమనుషులు. పుస్తె గూడ వాళ్ళే తెచ్చిండ్రు. నేను ముందు వరుసల కూసోని, ఒళ్ళె నీ శాలువా పెట్టుకొని, అక్షింతలు ఏసిన. ఏం జెయ్యాలె మరి? పళ్ళెం పట్టుకొని నా ముందటికి వచ్చిరి.

కోపం రాలేదా అంటవా? రాకుంటెట్లుంటది! ఆ పిల్ల చేతులు చూసిన. నీ కాలి కింద పెట్టింది ఆ చేతులేనేమో అని కండ్లు చిట్లించి మరీ చూసిన. గోరింటాకు తప్ప ఏం కనవడలే. కట్టెపుల్ల అసొంటి పిల్ల. ముక్కుపుల్ల కొత్తది, ముక్కు ఎర్రగ ఉబ్బింది.

నాకు కోపం దానిమీద కాదు. వాళ్ళకు పెండ్లి చేస్తే కొత్త బతుకు, నేను చేసుకుంటే పింఛను బంద్. ఇదేం లెక్క? ఎవలన్న చెప్పుండ్రి నాకు.

నీకు తెలుసు గదా ముచ్చట? తెలవనట్టు మొకం పెట్టకు. నీ ఫోటో ముందటనే అయింది అంతా.

నువ్వు పోయి మూడేండ్లు దాటినంక మీ అమ్మనే అన్నది. "మన తండాల ఉన్నదే గదా బిడ్డా, పెద్దోడు పోతే సిన్నోడు. ఇంట్ల పిల్ల ఇంట్లనే ఉంటది, పోరగానికి నీడుంటది." గోప్యకు అప్పటికి పెండ్లి కాలే. నన్ను వదినా అనుకుంట గుమ్మం బయటనే నిలవడి మాట్లాడేటోడు. నేనేమన్నానో యాదికున్నదా? ఏమనలే. పొయ్యి ఊదుకుంట కూసున్న. పొగొచ్చి కండ్లు నీళ్ళు కారితే ఏడుస్తున్ననుకున్నరు.

తండా పెద్ద, నాయక్ మంగీలాల్ తాత వచ్చిండు, ఇంకిద్దరు పెద్దమనుషులు వచ్చిండ్రు. మనకు పంతులొద్దు, పందిరొద్దు. పది మంది ముందట కొత్త బట్ట కప్పితే ఆమె వానిది, వాడు ఆమెవాడు. మీ తమ్ముని సంగతి జెప్తే నవ్వుతవ్. చీర కొనుక్కరమ్మని టేకులపల్లి తోలితే మిర్చికి నల్లి మందు కొనుక్కొచ్చిండు! "బట్టేదిరా?" అన్నది మీ అమ్మ. మందు డబ్బా ఎనుక దాసుకున్నడు. "చేను ఎర్రవడుతుందే అమ్మా, చీర రేపు కొన్నా ఆగుతది గదా" అన్నడు. తాత పడీపడీ నవ్విండు. "ఆ మందే కొట్టురా పిల్ల మీద, పురుగు పట్టకుంటుంటది!"

మీ అమ్మకు కోపమొచ్చి పెట్టె తెరిచి చేతికి దొరికింది గుంజింది. మళ్ళ కవర్ల మడతపెట్టిన శాలువా. మెరూన్ రంగు, పసుపు అంచు. "కొత్తదే గదా, కానియ్" అన్నది.

అవ్. గదే కప్పిండు. నువ్వు లేవని సర్కారు నాకు కప్పిన బట్టనే, నేనున్న అని గోప్య కప్పిండు. కవరు సప్పుడుకు పెద్దమనుషులు ఇంకా నవ్వుతనే ఉన్నరు. నేను తల వంచుకొని అంచు మీద అంటించిన చీటి చూస్తున్న. దాని మీద నీ పేరుండె.

తండాకు నేను గోప్య పెండ్లాన్ని. కాయితానికి నీ ముండమోపిని. పొద్దంతా అటు, నెలకోసారి బ్యాంకు కాడ ఇటు.

మీ చెల్లె లాలి లేదా, నర్సు కోర్సు అయింది గదా, జర్మనీల దవాఖానా నౌకరికని హైదరాబాదుల ఉండి వాళ్ళ భాష నేర్చుకుంటుంది. ఆ క్లాసుల ఫీజు గూడ నీ పింఛనే. దానికంటె నాకే ఎక్కువొస్తది ఆ భాష, నవ్వకు. అది పాఠాలు ఫోన్‌ల పంపుతది, నేను చెవుల వైరు పెట్టుకొని కలుపు తీసుకుంట ఇంటుంట. ఎవలు నేర్పిండ్రు నాకు? ఎవలు నేర్పలే. నాకు ఊరికే కూసుంటే పిచ్చి లేస్తది, అంతే.

మొన్న ఒక పాఠం పంపింది. వాళ్ళ దేశం యుద్ధంల ఓడిపోయి, పట్నాలన్నీ ఇటికెల కుప్పలైన నాటి సంగతి. మొగోళ్ళు లక్షలకు లక్షలు సచ్చిండ్రు. మళ్ళ దేశాన్ని నిలవెట్టాలె గదా? ఇండ్లు మిగిలినోళ్ళ దగ్గర పన్ను తీసుకొని, ఇండ్లు కాలిపోయినోళ్ళకు ఇచ్చిండ్రట. అది ఇని నేను కలుపు ఇడిచిపెట్టి నిలవడ్డ. ఎంత మంచిగ ఆలోచించిండ్రు అనుకున్న. సచ్చినోళ్ళ పెండ్లాలకు పింఛను పెట్టిండ్రు. ఇల్లంటే అమ్మ, నాయిన, పిల్లలు, అందరు కుదురుగ ఉండాలె, అప్పుడే దేశం కుదురుకుంటదని సర్కారు చెప్పిందట.

కాకపోతే ఆమె మళ్ళ పెండ్లి చేసుకుంటే పింఛను పోతది!

ఏం జేసిండ్రనుకున్నవ్ ఆ ఆడోళ్ళు? మనం చేసిందే. పెండ్లి చేసుకోకుండ ఒక్క ఇంట్ల ఉన్నరు. పక్కింటోళ్ళు మూతి తిప్పిండ్రు, చర్చిల పెద్దలు తిట్టిండ్రు. పిల్లలు ఇంట్ల ఉన్న ఆయనను మామా అని పిలిచిండ్రు. దానికొక పేరే పెట్టుకున్నరట, మామ పెండ్లి అని. కుదురు కోసం పెట్టిన రూలే ఇండ్లను కుదురు లేకుండ చేసింది. తర్వాత రూలు జర మార్చిండ్రట, పెండ్లి చేసుకుంటే ఒక్కసారి కొంత ఇచ్చుడు, ఆ పెండ్లి నిలవకపోతే మళ్ళ పింఛను తిరిగిచ్చుడు. మార్చేలోపట ఎంతమంది పిల్లలు నాయినను మామా అన్నరో పాఠంల లేదు.

లాలి ఫోన్‌ల కిలకిల నవ్వింది. "వదినా, వాళ్ళది మామ పెండ్లి అయితే మనది కాకా పెండ్లి!" నేను నవ్వలే. కోటేష్ గోప్యను కాకా అంటడు. వాడు అనొచ్చు, వాడు నీ కొడుకు.

క్లాసుల టీచరమ్మ అడిగిందట, మీ దేశంల గిట్ల ఉన్నదా అని. లాలి లేచి నిలవడి, లేదు మేడం అని చెప్పిందట. మాట తప్పు లేకుండ చెప్పినందుకు గుడ్ అన్నదట.

సరే. అసలు సంగతికొస్త. ఇంత సేపు ఎందుకు తిప్పుతున్న? నీకు చెప్పడానికి నాకేం భయం? సచ్చినోడివి.

నాకు ఐదో నెల.

అవ్, గోప్య బిడ్డ. మీ తమ్ముడు నెమ్మదస్తుడు. ఇన్నేండ్లల్ల నన్ను ఏదీ అడగలే. నీ శాలువా కప్పుకొని కల్లంల మిర్చికి కావలి పండుకుంటడు, నీ కొడుకు ఫీజు కట్టను నా ఎంబడి వచ్చి బడి గేటు బయటనే నిలవడతడు. ఈ సంగతి తెలిసినంక ఒక్కటే అడిగిండు. మొకం దిక్కు చూడకుండ, మందు పంపు నాజిల్ కడుక్కుంట అన్నడు. "పింఛను పోతే పోనీయ్ పుష్పా. కౌలు చేను ఉంది, నా రెక్కలున్నయ్. నా బిడ్డకు నా పేరుండనీ."

ఏమన్న? ఈసారి ఊదను పొయ్యి గూడ లేదు, గ్యాసు వచ్చె.

పింఛను పోతే లాలి జర్మనీ ఎట్లా? మీ అమ్మ గోలీలు? ఇంటి అప్పు? ఒక్క సంవత్సరం నల్లి తగిల్తే మిర్చి ఏమైతదో గోప్యకు తెలవదా? అంతమందిని నువ్వే సాదుతున్నవ్ ఇంకా. బతికున్నప్పుడు ఒక్కనాడు కూరగాయలు తేనోడివి.

ఇయ్యాల స్టేజీ ఎక్కే ముందు ఆఫీసుల క్లర్కు సారు పక్కకు పిలిచిండు. "వచ్చే నెల సంతకం పెట్టిపోవాలె అమ్మా, మళ్ళ పెండ్లి చేసుకోలేదని. ఏటా ఉండేదే." అంటనే నా పొట్ట దిక్కు చూసిండు. ఆయన అటూ ఇటూ చూసి, మెల్లగ అన్నడు. "పైన శాలువా కప్పినంక కిందిదాకా దించుకో. ఫోటోలు తీస్తరు."

జాలో బెదిరింపో నాకు తెల్వదు. చెప్పినట్టే దించుకున్న. పెద్ద సారు నా పక్కన నిలవడి నవ్విండు, ఫోటోగ్రాఫరు నన్ను గూడ నవ్వుమన్నడు. నీ తమ్ముని బిడ్డ నీ శాలువా కింద సప్పుడు లేకుండ ఉన్నది. సర్కారు బట్ట ఎందుకు పనికి రాదంటనే ఉంటి నేను. పనికొచ్చింది.

పెండ్లి అయినంక ఆడోళ్ళ గదిల కూసుంటే ఆ పెండ్లి పిల్ల వచ్చింది. బాసింగం ఇప్పుకుంట నా దిక్కే చూసింది. అంతమంది చూసిండ్రు, దానికే తెలిసింది. "ఎన్నో నెల అక్కా?" అన్నది. అదే మళ్ళ అన్నది. "మాకు పుట్టరక్కా. అక్కడున్నప్పుడే ఆయనకు ఆపరేషన్ చేసిండ్రు, దళంల పిల్లలుండొద్దని. ఇప్పుడు మళ్ళ కలిపే ఆపరేషన్ చేయిస్తమని సార్లు చెప్పిండ్రు. అయితదంటవా?"

నన్ను అడుగుతుంది! నీ పెండ్లాన్ని! తిడ్దామనుకున్న. నోట్లెకు వచ్చిందేందో తెలుసా? "అయితది. మంచి డాక్టరు కాడికి పో" అన్న. అన్నందుకు పొద్దుగూకేదాకా నా మీద నాకే మంట.

ఇంకొకటుంది. అసలు ఇది చెప్పనీకే నిన్ను దించిన.

పోయిన వారం ఖమ్మం పోయినం స్కానింగుకు. ఇక్కడ అందరికి ఎరికే గదా, అందుకని అంత దూరం. గోప్య నా చెప్పులు చేత పట్టుకొని తలుపు కాడ నిలవడ్డడు. సిస్టరమ్మ రాసుకుంట అడిగింది. "పేరు?" పుష్ప. "ఊరు?" చెప్పిన. "భర్త పేరు?"

పెండ్లయినకాడికెళ్ళి నీ పేరు నోటెంట అననిదాన్ని. నువ్వుండంగ కోటేష్ నాయినా అన్న, పోయినంక ఆయన అన్న. గోప్యను చూసిన. చెప్పులు పట్టుకొని నా దిక్కే చూస్తుండు. ఒక్క మాట. అంతే గదా అడిగిండు.

"రెడ్యా" అన్న.

సిస్టరమ్మ ఆధార్ చూసి, సరిపోయింది అని రాసుకున్నది.

గోప్య చెప్పులు కింద పెట్టి, ఒక్కొక్కటి నా కాళ్ళ కాడికి జరిపి, "ఆటో పిలవాల్నా?" అన్నడు. అంతే. ఆనాటికెళ్ళి నన్ను మళ్ళ వదినా అంటుండు.

అగో, పంపు సప్పుడు. వస్తుండు. లెవ్, నిన్ను గోడకు తగిలియ్యాలె. నీళ్ళు కాగవెట్టాలె, మందు వాసన పోదు ఒంటికెళ్ళి. సంతకమా? పెడ్త. పెట్టకేం జేస్త?

నువ్వు మాత్రం సంబురపడు. ఆరేండ్లాయె పోయి, మళ్ళ తండ్రివైతున్నవ్.