ఏడు తరాల నేతగాడు

కేరళ టూర్ల పడవ ఒక ఊర్లె ఆగింది. ఆడ యాత్రికులు చూసేటందుకు తాడు కట్టి ఒక చేతిమగ్గం, పక్కన ఒక రాట్నం పెట్టిండ్రు. నేసే మనిషి చాయ్‌కి పోంగనే, సిరిసిల్ల నుంచి పడవల వచ్చిన ఆలుమగలల్ల మొగడు తాడు దాటిపోయి మగ్గం మీద కూసున్నడు. పెండ్లానికి ఒళ్లు మండింది.

“సముద్రం చూపిస్తనని తోలుకొచ్చి, గీడ గూడ మగ్గమేనా? లే, పడవ పోతది!”

“జరాగే. పోగు తెగి ఏలాడుతుంటె ఎట్ల పోను?”

“ముప్పై ఏండ్ల సంది నీ కరెంటు మగ్గాల సాంచెల సప్పుడే విన్న. ఒక్కనాడన్న అలల సప్పుడు విననియ్యి.”

“మా బాపుది గూడ అచ్చం గిసొంటి మగ్గమే. విను, ఎంత మెత్తగ కొడ్తుందో.”

ఆమె వినలే. ఎనక వేరే యాత్రికుల గుంపు ఫోటోలకు ఫోన్లు ఎత్తింది. వాళ్ల గైడ్ ఆమె మొగణ్ని చూపిచ్చుకుంట హిందీల ఏందో చెప్తుండు. ఆమె పోయి గైడ్ తోటి రెండు మాటలు మాట్లాడొచ్చింది.

“ఏమంటుండే?”

“నువ్వు గీ ఊరోనివేనట. ఏడు తరాల సంది గీడనే నేస్తున్నరట.”

“మరి మాది సిరిసిల్లని చెప్పకపోయినవా?”

“చెప్పిన. నీ పెండ్లాన్నని గూడ చెప్పిన.”

“ఏమన్నడు?”

“నన్ను గూడ నీ పక్కన కూసోమన్నడు. ఫోటో నిండుగ వస్తదట.”

“అయితె?”

“అయితె ఏంది? జరుగు. గా రాట్నం ఇటు గుంజు. ఫోటోల ఉత్తగ కూసుంటె సిరిసిల్ల ఇజ్జత్ ఏం గాను?”