ఈ ఏడాది మన వంతు

తమ్ముడి ఇంటి గేటు ముందు కారు ఆగి చాలాసేపయింది. భార్యాభర్తలిద్దరూ ఇంకా లోపలే కూర్చుని ఉన్నారు.

"ఆ పెన్‌డ్రైవు ఇటివ్వు."

"ఇవ్వను."

"ఒక్కసారి చూసి ఇచ్చేస్తానే."

"మీరు తిరిగిచ్చే మనిషైతే నేను దీన్ని సంచిలో పెట్టి, జిప్పు వేసుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని ఎందుకు కూర్చుంటాను?"

"సరే, దిగు మరి. అందరూ వచ్చేసినట్టున్నారు. మా తమ్ముడు కిటికీలోంచి తొంగి చూస్తున్నాడు."

"చూడనివ్వండి. పోయినసారి వాళ్ళ వంతు, ఈ ఏడాది మన వంతు. సంవత్సరమంతా ఏం చేశామో ఏడాది చివర్న టీవీలో వేసి అందరికీ చూపించాలి. అదేగా మీ ఇంటి ఆనవాయితీ? చూపిస్తాను."

"చూపించు, ఎవరొద్దన్నారు? ఇద్దరం రిటైరయ్యాక ఎక్కడెక్కడ తిరిగాం, ఏమేం నేర్చుకున్నాం, ఎవరింటికి వెళ్ళాం, అన్నీ చూపించు. మధ్యలో మా తమ్ముడి భార్యని ఎందుకు లాగడం?"

"నన్ను లాగలేదూ?"

"అబ్బా, మళ్ళీ అదేనా?"

"అదే. ఇంటిల్లిపాదీ కూర్చుని ఉండగా, గోడంత టీవీలో, పాత బట్టలతో, జుట్టు ముడేసుకుని కుక్కర్ పక్కన నిలబడి నేను పాడుకుంటున్నది వేసింది ఆ మహాతల్లి. గొంతు పైకి పోలేక కీచుమంటే, ఆ కీచుమన్న చోటే తిప్పి తిప్పి వేసింది. ఒక్కొక్కళ్ళూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. మీ చెల్లెలి కొడుకు దాన్ని ఫోన్‌లో రింగ్‌టోన్‌గా పెట్టుకున్నాడు."

"వాడు చిన్నవాడు, వదిలెయ్."

"బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నాడు."

"చిన్నప్పట్నుంచీ అల్లరివాడని అంటున్నా."

"సరే, అందుకే మీ మరదలి సంగతి ఇవాళ తేలుస్తా. మొదటిది, చెరువు దగ్గరిది. పడవలో నోరు తెరుచుకుని గురక పెట్టింది చూడండీ, అది. పైన వాన కురుస్తున్నా కదల్లేదు."

"వాన అప్పుడు లేదు. మనం గట్టెక్కాక మొదలైంది."

"సరే, వాన లేని గురక."

"ఏదైనా ఉన్నదున్నట్టు చెప్పాలి."

"అబ్బో, బస్సు డిపో టైమ్‌కీపరుగారు. ఉద్యోగం అయిపోయినా ఆ జబ్బు వదల్లేదు మీకు. రెండోది, కొండ మీద హోటల్లో తువ్వాళ్ళు. రెండు తువ్వాళ్ళు పెట్టెలో కుక్కేసి, మూత పడక దాని మీదెక్కి కూర్చుంది."

"ఒక తువ్వాలు. రెండోది కాళ్ళు తుడుచుకునే పట్టా."

"ఆ ఫోటో తీసింది మీరేగా? తీసేటప్పుడు కిసకిసా నవ్వారు కూడా."

"నువ్వు తియ్యమన్నావని తీశాను."

"మూడోది అసలుది. మీ చెల్లెలి కొత్తింటికి భోజనాలకి వెళ్ళినప్పుడు వంటింట్లో నిలబడి, 'ఇది ఇల్లా, అగ్గిపెట్టా' అంది. మాట ఖంగుమని వినబడుతుంది. ఇవాళ మీ చెల్లెలు ఆ పక్కనే కూర్చుంటుంది."

"వద్దే. వాళ్ళిద్దరికీ మాటలుండవు ఆ తర్వాత."

"ఉండకూడదు."

"నీకింత కక్ష ఎక్కణ్ణుంచి వచ్చిందే? పెళ్ళయిన దగ్గర్నుంచీ ఎవర్నీ పల్లెత్తు మాట అన్న మనిషివి కాదు."

"అనడానికి నాకు గొంతెక్కడుందండీ? టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేరినప్పటి నుంచి బయటికొచ్చేదాకా నేను మాట్లాడిన మాటలు రెండే. 'నంబరు చెప్పండి', 'లైన్‌లో ఉండండి'. ఊళ్ళోవాళ్ళంతా నా చెవిలో ఏడ్చారు, నవ్వారు, కాపరాలు చక్కబెట్టుకున్నారు. నేను మాత్రం లైన్ కలిపి నోరు మూసుకున్నా. రిటైరయ్యాక పాట నేర్చుకుందామనుకున్నా. సంగీతం మాస్టారు మొదట్లో మొహమాటపడ్డారు, ఈ వయసులో ఏంటమ్మా అని. తర్వాత ఆయనే అన్నారు, గొంతులో ఏదో ఉందమ్మా, కాస్త తెరిచి పాడండి అని. అలా తెరిచి, ఇంట్లో ఎవరూ లేరనుకుని కుక్కర్ ముందు పాడుకున్నా. అది పట్టుకెళ్ళి నలుగురిలో పెట్టి నవ్వులపాలు చేశారు. నాకు ఎంత ఏడుపొచ్చిందో మీకు తెలీదు."

"తెలుసు."

"తెలీదు. ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్వింది మీరు."

"అందరూ నవ్వుతుంటే నేనొక్కణ్ణీ మొహం ముడుచుకుని కూర్చుంటే బాగుంటుందా?"

"బాగుండేది."

"సరే, అయిపోయింది కదా. ఆ అమ్మాయి కావాలని చేసింది కాదు. పాపం, ఎవరో పంపితే వేసింది."

"ఎవరో అంటే?"

"ఎవరో అంటే... ఫోన్లున్నాయి కదా. అటూ ఇటూ పంపుకుంటూ ఉంటారు."

"ఎవరు పంపారు?"

"నాకెలా తెలుస్తుంది? ఇంజను ఆపెయ్యనా? ఊరికే పెట్రోలు దండగ."

"ఆపండి. ఎవరూ పంపలేదు, ఆవిడే తీసింది. మనింటికొచ్చి నాలుగు రోజులుంది చూడండీ, అప్పుడు. సాయంత్రం వంటింటి తలుపు వెనకాల నక్కి మరీ తీసింది."

"సాయంత్రం ఏంటి, పొద్దున. అయినా తలుపు వెనకాల నిలబడితే నీ వీపు తప్ప ఏం కనబడుతుంది? పెరటి కిటికీలోంచి తీస్తేనే కుక్కరూ నీ మొహమూ రెండూ పడతాయి."

"ఊఁ."

"ఏంటలా చూస్తావ్?"

"చెప్పండి. ఉన్నదున్నట్టు చెప్పండి."

"చెప్పడానికేముంది? చూసినవాడెవడికైనా తెలుస్తుంది, కిటికీలోంచి తీశారని."

"పొద్దున అని ఎలా తెలిసింది?"

"వెలుతురు ఉంది కదా."

"ఆ రోజు మబ్బు పట్టి లైటు వేసుకుని వంట చేశాను."

"అదే... లైటు వెలుతురు."

"ఏమండీ."

"సరదాకి తీశానే. ఒట్టు, సరదాకే. అంత బాగా పాడుతుంటే—"

"బాగా పాడుతుంటే కీచుమన్న ముక్క ఎందుకు పంపారు?"

"అది... మా తమ్ముడు ఫోన్ చేసి, ఈసారి ఏదైనా నవ్వొచ్చేది ఉంటే పంపన్నయ్యా అంటే, చేతికి దొరికింది పంపాను. ఇంత దూరం వస్తుందనుకోలేదు. నీకు... నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"చెరువు దగ్గర్నుంచి. పడవ దిగాక గట్టు మీద మీ మరదల్నే నిలదీశాను. బిత్తరపోయింది. 'అయ్యో అక్కా, బావగారే కదా పంపింది, తప్పకుండా వెయ్యమని ఫోన్ చేసి మరీ చెప్పారు, మీకు తెలిసే పంపారనుకున్నా' అంది. అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది."

"మరి ఏడాదంతా ఆ అమ్మాయిని తిట్టిపోశావుగా?"

"మీరు వింటున్నారుగా. ఆవిడ తప్పేం లేదే, నేనే పంపాను అని ఎప్పుడో ఒకప్పుడు మీ నోటితో మీరే అంటారేమో అని తిట్టాను. కొండ మీద తిట్టాను, రైల్లో తిట్టాను, మీ చెల్లెలి ఇంట్లో తిట్టాను. మీరేం చేశారు? నాతో కలిసి తిట్టారు. తువ్వాళ్ళ ఫోటో తీసి, ఇదిగో దొరికింది దొంగ అన్నారు."

"నీ కోపం చల్లారుతుందని అన్నానే."

"ఇందాక కారు ఆపినప్పుడు చెప్పినా బండి వెనక్కి తిప్పమనేదాన్ని. నిజం. ఇంతసేపు ఎందుకు కూర్చున్నాననుకున్నారు? మీకు అవకాశం ఇద్దామనే."

"చెప్పాను కదా ఇప్పుడు."

"చెప్పలేదు, దొరికిపోయారు."

"సరే, నాదే తప్పు. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటా. ఆ అమ్మాయి జోలికి మాత్రం వెళ్ళకు. అగ్గిపెట్టె ముక్క టీవీలో పడితే మా చెల్లెలు ఇక ఈ గడప తొక్కదు."

"ఆవిడవి ఎప్పుడో తీసేశాను."

"తీసేశావా?"

"గురకా, తువ్వాళ్ళూ, అగ్గిపెట్టే, ఏవీ లేవు."

"హమ్మయ్య. బతికించావు. మరి ఏం మిగిలింది ఇందులో?"

"మీరు."

"నేనా?"

"మీరే. మొదట్నుంచి చివరిదాకా మీరే. ఈత నేర్చుకుంటానని వెళ్ళారు చూడండీ, ఆ పచ్చ ట్యూబు నడుముకి తగిలించుకుని, చిన్నపిల్లల వరసలో నిలబడి, నిచ్చెన వదలమంటే వదలకుండా 'మాస్టారూ, రేపు' అన్నారు. అది బాగా వచ్చింది."

"అక్కడికి నువ్వు రాలేదు కదా. ఎవరు తీశారు?"

"మీ మరదలు. వాళ్ళమ్మాయిని ఈతకి తీసుకొస్తున్నానని చెప్పి మీ వెనకాలే తిరిగింది. పాపం, ఎండలో నిలబడి తీసింది."

"మీరిద్దరూ కలిసి..."

"రైల్లో పక్కసీటు ఆవిడకి, నేను డిపో మేనేజరుగా రిటైరయ్యానండీ అని చెప్పారు కదా. అదీ ఉంది. మీసాలకి రంగేసుకుంటూ అద్దంలో మీకు మీరే కన్ను కొట్టుకోవడం ఉంది."

"ఛీ. అవన్నీ ఎవరు చూస్తారే?"

"అందరూ చూస్తారు. అసలుది చివర్న పెట్టాను. మేడ మీదిది."

"మేడ మీదిదా?"

"ఊఁ."

"మేడ మీద ఏముంది? నేను మొక్కలకి నీళ్ళు పోస్తాను."

"నీళ్ళు పోశాక?"

"నీళ్ళు పోశాక... కిందికి దిగొస్తాను."

"మీకు వీడ్కోలు చెప్పిన రోజు మాట్లాడదామని రాసుకున్నారు కదా ఒక ఉపన్యాసం. రాత్రంతా కూర్చుని రాశారు. తీరా మేనేజరుగారికి వేరే పనుందని, మైకు తీసేసి, జీవితమంతా గడియారం చూసిన మనిషి చేతిలో ఒక గోడ గడియారం పెట్టి పంపించేశారు. ఇప్పటికీ రోజూ మేడెక్కి, ఆరేసిన బట్టల ముందు నిలబడి, సభకు నమస్కారం అని మొదలుపెట్టి ఆ ఉపన్యాసం చెబుతున్నారు. దుప్పటి గాలికి ఊగితే చప్పట్లు కొట్టినట్టు కాసేపు ఆగుతారు."

"నువ్వు... చూశావా అది?"

"నీళ్ళ ట్యాంకు వెనకాల నిలబడి మొత్తం తీశాను."

"అదొక్కటి తీసెయ్యవే. నీకు దణ్ణం పెడతా. ఈతది ఉంచు, మీసాలది ఉంచు, రైలుది కూడా ఉంచు. అదొక్కటీ వద్దు. అది నా కోసం నేను చెప్పుకున్నది."

"నేను కుక్కర్ ముందు పాడింది ఎవరి కోసమండీ?"

"అందులో ఏమేం వాగానో నీకు తెలీదు. ఆ మేనేజర్ని..."

"తెలుసు, పదిసార్లు విన్నాను. చదువు రాని గాడిద అన్నారు. మీసం తీసేస్తే ఏం మిగలదన్నారు. డిపో డీజిలు ఏ ఇంటి కార్లోకి పోతుందో కూడా చెప్పారు. పొద్దున నడకలో కనబడితే మాత్రం నడుం విరిగేలా వంగి నమస్కారం పెడతారు."

"మన ఇంటివాళ్ళ ముందు కాబట్టి సరిపోయింది. ఎవరైనా పొరపాటున బయట అంటే నా పరువు గంగలో కలుస్తుంది."

"ఊఁ."

"మరీ అంత కఠినంగా ఉండకే. పాట మానేశావని నేనూ బాధపడ్డాను. నిజం చెబుతున్నా. ఇల్లు మూగపోయినట్టుంది."

"పాట మానేశానని ఎవరు చెప్పారు?"

"కుట్టు క్లాసుకి వెళ్తున్నావుగా, పాట మానేసి."

"ఏడాదిగా వెళ్తున్నాను. ఒక్క చేతిరుమాలైనా కుట్టడం చూశారా?"

"అదే అనుకున్నా. అంటే..."

"సంగీతం మాస్టారి దగ్గరికే. మీ ఉపన్యాసం వెనకాల మాటలు వినబడేంత సన్నగా ఒక పాట పెట్టాను. నేనే పాడాను. ఎక్కడా కీచుమనదు."

"పద, ఇంటికి వెళ్ళిపోదాం. కడుపులో నొప్పిగా ఉందని మా తమ్ముడికి ఫోన్ చేసి చెప్తా. నేను బండి తీస్తున్నా."

"తియ్యలేరు. అద్దంలో చూడండి, వెనకాల ఎవరో జీపు అడ్డం పెట్టారు."

"ఎవరిదది? మనవాళ్ళలో ఎవరికీ జీపు లేదే."

"అదిగో, మీ మరదలే వస్తోంది. అద్దం దించండి."

"అక్కా, ఇంకా దిగలేదేం? టీవీ సిద్ధంగా ఉంది, మీదే ఆలస్యం. బావగారూ, మీ డిపో మేనేజరుగారికి అక్క చెప్పినట్టే ముందు వరసలో కుర్చీ వేశాం, పక్కది మీకు ఉంచమన్నారు."