సువర్ణ బిగించిన ఇంజన్

"అమ్మమ్మా, సువర్ణ ఆంటీ తన కార్ ఇంజన్ తనే ఛేంజ్ చేసిందట, రియల్లీ? మమ్ చెప్పింది."

నిజమేనమ్మా, పక్కనే ఉన్నాగా నేను. అప్పుడు నాది నర్సింగు, తనది మెకానికల్ ఇంజనీరింగు. తెనాలి పిల్ల. ఈ దేశమొచ్చిన కొత్త, హారిస్ పార్కులో ఒకే ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. ఇప్పుడున్నన్ని మన కొట్లు అప్పుడెక్కడివిలే, కరివేపాకు దొరికిందంటే ఆ రోజు పండగే. ఆఁ, ఏం చెబుతున్నా... కారు కదూ.

పాతది, రోటరీ ఇంజన్. అంటే మామూలు వాటిలా పిస్టన్లు పైకీ కిందకీ కొట్టుకోవట. లోపల మూడు మూలల దిమ్మలు రెండు గిర్రున తిరుగుతాయట. నాకేం తెలుసు, వంకాయలు కోస్తూ తనే చెప్పేది. ఆ ఇంజన్ కాస్తా పోయింది. తనకేమో ట్రైనింగు ఎక్కడో పల్లెటూళ్ళో, ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డులో. రైలు లేదు, బస్సు లేదు. సోమవారం చేరకపోతే ఆ చోటు ఇంకొకళ్ళకిచ్చేస్తారు, డిగ్రీ ఏడాది వెనక్కి.

అందుకని బాగుచేసిన ఇంజనొకటి తెచ్చి, క్లాసువాళ్ళ సాయంతో మా గరాజులోనే బిగించింది. శనివారం పొద్దున తాళం తిప్పితే, చాలాసేపటికి స్టార్టయింది. స్టార్టయి ఏం లాభం? కారంతా వణుకుడు, వెనక గొట్టంలో టపాకాయల మోత, యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఆగిపోవడం. విక్టరన్నయ్యని పిలిచాం, మా సీనియరు, కార్ల సంగతి తెలిసినవాడు. అదే, క్వేకర్స్ హిల్‌లో నీకు చాక్లెట్లిస్తాడే, ఆయనే. చూసి, ఇంజన్ లోపలే పోయింది, వెనక్కిచ్చెయ్యమన్నాడు. నేనైతే ఏడ్చేదాన్ని. సువర్ణేమో మొహం కడుక్కొచ్చి, టీ తాగి, "లోపల సంగతి తర్వాత. ముందు మనం చెయ్యి పెట్టినవి చూద్దాం" అంది.

నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు ఊడదీస్తే పెట్రోల్‌తో తడిసున్నాయి, తుడిచి ఆరబెట్టింది. నన్ను తాళం తిప్పమని, ఆ కన్నాల దగ్గర చెవి పెట్టి వింది. బుస్సు బుస్సుమని సమంగా ఊదుతోంది, లోపల బాగానే ఉందంది. గొట్టాల అతుకుల్లో ఎక్కడన్నా గాలి పీలుస్తోందేమోనని చూసింది, అదీ లేదు. ఇక వైర్లు. దిమ్మకి రెండేసి ప్లగ్గులు, కిందొకటి పైనొకటి. ఒక్కో వైరూ వేలితో తడుముకుంటూ చివరిదాకా వెళ్ళింది. కిందవి సరిగ్గానే ఉన్నాయి, అందుకే స్టార్టయింది. పైవి రెండూ దీనిది దానికీ, దానిది దీనికీ తగిలించున్నాయి.

బిగించినప్పుడు నలుగురి చేతులు పడ్డాయి కదా, ఎవరిమీదైనా తోసెయ్యొచ్చు. అందరూ అక్కడే నుంచున్నారు. "ఈ వైర్లు పెట్టింది నేనే, నేనే తారుమారు చేశా" అంది. అంతే. సిగ్గుపడలా, చిరాకు పడలా. అది చూసి నాకు... ఏమోనమ్మా, వయసులో నాకంటే చిన్నదే, కానీ ఆ రోజు ఎంత పెద్దదిగా కనబడిందో.

ప్లగ్గులు బిగించి, ఆ రెండు వైర్లూ మార్చి తాళం తిప్పింది. ఇక చూడు, కుట్టుమిషన్ తొక్కినట్టు ఒకటే సాఫీగా మోగింది. విక్టరన్నయ్యే మొదట చప్పట్లు కొట్టాడు. మమ్మల్నందర్నీ ఎక్కించుకుని పక్కనున్న పర్రమట్టా అంతా తిప్పింది.

సోమవారం చేరింది. ట్రైనింగయ్యాక వాళ్ళే ఉద్యోగమిచ్చి ఉంచుకున్నారు. ఇప్పుడా షెడ్డంతా తన చేతికిందే నడుస్తుంది.

నువ్వూ ఏ పని పట్టుకున్నా నీ చేతికి లొంగాలి తల్లీ. తప్పు జరిగితే నాదేనని చెప్పే ధైర్యం ప్రభువు నీకివ్వాలి. నేనడిగేది అదేనమ్మా, రోజూ ప్రార్థనలో...