ఈ సాలు ఎవులిది?

మాఘమాసపు ఎండలో, నెల్లిమర్ల అవతలి తోటలో, మొగుడూ పెళ్లామూ వంగనారు నాటుతున్నారు. తమ దగ్గరే కూరలు కొంటామని ముందే మాటిచ్చిన పట్నం కుటుంబాలకు ఏటా తలా ఒక సాలు.

“ఇది టీచరమ్మ సాలు, మావా.”

“ఆవిడ మానేసింది కదే.”

“అయితే డాక్టరుగారిది.”

“ఆయనా అంతే. ఫోన్లో నొక్కితే కూరలు గుమ్మంలోకి వస్తన్నాయట.”

“బేంకాయన?”

అతను నీళ్లబిందె వంచాడు.

“ఒక్కలూ లేరా? మరి నారెందుకు పీకినావు మావా?”

“పీకినాకే ఫోన్ సేసి సెప్పినారు. ఎండిపోనిస్తామేటి? నాటు.”

“ఎవులి పేరు సెప్పి నాటను?”

“మన గేదె పేరు సెప్పు. కాయలు అదే తింతాది.”

నవ్వుతుందనుకున్నాడు. ఆమె తలెత్తలేదు.

“ముందు దాన్నడుగు మావా. రేపు అదీ మానేస్తాదేమో.”