వీరభద్రం గారు రాయక వదిలిన మాట

ఫసలీ 1325వ సంవత్సరం ఆజూర్ నెల ఒకటవ తేదీన, అంటే క్రీస్తుశకం 1915 అక్టోబరులో, హనుమకొండ కిరాణా వర్తకుల కుటుంబానికి చెందిన ఇరవై నాలుగేళ్ళ యువకులొకరు, దుకాణంలో కూర్చోమన్న తండ్రిగారిని ఎలాగో ఒప్పించి, వరంగల్లులోని ఒక అదాలతులో గుమాస్తాగా చేరారు. వారే మన శ్రీ అయిత వీరభద్రం గారు. ముప్పై ఒక్క సంవత్సరాల సేవానంతరం ఈ నెలాఖరున వారు పదవీ విరమణ చేస్తున్నారు.

ఉర్దూ రాతలో వారికున్న వేగం చూసి అధికారులు తొమ్మిదేళ్ళకే పేష్కారు పదవి ఇచ్చారు. కక్షిదారులు తెలుగులో మొర పెట్టుకుంటారు, మున్సిఫు గారికి తెలుగు రాదు. ఆ మొర విని ఉర్దూలో రాసి ముందుంచడం పేష్కారు పని. పది మాటలను రెండు మాటల్లో ఇమడ్చగలరని వీరభద్రం గారికి గొప్ప పేరు. పూట గడవకముందే ఎనిమిది వాంగ్మూలాలు ముగించి, పొడుం డబ్బీ తీసి, మిగతా గుమాస్తాల వైపు ఓరగా చూసేవారట.

తోటి గుమాస్తాలమైన మేము ఈ వ్యాసాన్ని ప్రశంసలతోనే ముగించి వారికి చూపగా, చదివి వెనక్కి ఇచ్చేశారు. "గింత మంచోణ్ణి నేనెన్నడు చూడలే. చిలుకమ్మ ముచ్చట ఏది? అది లేకుంటే ఈ కాయితం అచ్చెయ్యకున్రి" అన్నారు. వారి ఆజ్ఞ మేరకే ఆ సంగతి ఇక్కడ చేరింది.

అది 1932వ సంవత్సరం. హసన్‌పర్తి రైతుకూలీ చిలుకమ్మ మీద ఆమె భర్త మొగిలయ్య దావా వేశాడు. భార్య తన మాట కాదని పుట్టింట్లో ఉంటోందని, నాలుగేళ్ళ కూతురు పూలమ్మను తనకు అప్పగించాలని కోరాడు. చిలుకమ్మకు వకీలు లేడు. కులపెద్ద రాజమల్లు ఎదుట ఇద్దరూ చెరో కొస పట్టి పుల్ల విరిచారని, ఆ కులంలో అంతటితో తెగదెంపులైనట్టేనని, పిల్ల తల్లి దగ్గరే ఉండాలని పెద్దలు తీర్మానించారని ఆమె చెప్పింది. అటువంటి ఆచారం రుజువైతే అదాలతు మన్నించేది. కాని వీరభద్రం గారి ఇంటా వంటా లేని పద్ధతి అది. పుల్ల విరిస్తే పెళ్ళి పోతుందా అని లోలోపల నవ్వుకుని, "మనస్పర్థల వల్ల పుట్టింట ఉంటున్నది" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. చదివి వినిపించకుండానే ఆమె చేత వేలిముద్ర వేయించారు. రాజమల్లును సాక్షిగా పిలిపించవలసిన అవసరమే ఎవరికీ కనిపించలేదు.

పిల్ల తండ్రి పరమైంది. తీర్పు వచ్చిన రోజు చిలుకమ్మ వరండాలో వారికి అడ్డం వచ్చింది.

"పుల్ల ఇరిసిన్రని, బిడ్డ నా తాననే ఉండాలన్నరని చెప్పిన గద అయ్యా. అది రాయలేదా?"

"అంతా రాసిన. పో" అన్నారు వీరభద్రం గారు.

అప్పీలుకు ఇంకా గడువుంది. నిజం ఒప్పుకుంటే కొలువు పోతుందేమోనన్న భయంతో వారు నోరు మెదపలేదు. మూడు నెలల తర్వాత మనసొప్పక మున్సిఫు గారి ముందు చేతులు కట్టుకుని అంతా చెప్పేసరికి గడువు కాస్తా దాటిపోయింది. వారి కొలువు మాత్రం నిలిచింది. మొగిలయ్య పిల్లను తీసుకుని డోర్నకల్ రైలు పనులకు వెళ్ళి, అక్కడి నుంచి ఎటో మారిపోయాడు. చిలుకమ్మ రెండేళ్ళు వెతికి అలసిపోయింది.

ఆనాటి నుంచి వారి వేగం పోయింది. భర్త నుంచి పోషణకు మనువర్తి కోరినా, పిల్లల కోసం పోరాడినా, ఏ కక్షిదారు ఏ మాట చెబితే ఆ మాట రాసి, తెలుగులో తిరిగి వినిపించి, అవునన్నాకే వేలిముద్ర తీసుకునేవారు. మీ కులంలో తెగదెంపులు ఎట్లా చేస్తారని విడిగా అడిగేవారు. ఆలస్యమైపోతోందని వకీళ్ళు విసుక్కున్నారు, మేమూ వెనకాల వేళాకోళం చేశాం. అందుకు ఈ రోజు సిగ్గుపడుతున్నాం.

గత నెల కాజీపేట నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్ల ఒకతె భర్త మీద మనువర్తికి వచ్చింది. పేరు పూలమ్మ, తండ్రి మొగిలయ్య, పుట్టిన ఊరు హసన్‌పర్తి. ఆ మూడూ రాసి వీరభద్రం గారు తలెత్తి ఆమె ముఖంలోకి చూశారు. తల్లి పేరు అడిగారు.

"ఎరుకలేదయ్యా. నేను సిన్నగున్నప్పుడు ఇడిసిపెట్టి పోయిందని మా నాయిన చెప్పిండు."

చెప్పినది చెప్పినట్టు రాయడం వారి నియమం. ఆ రోజు మాత్రం కలం కింద పెట్టారు.

"ఇడిసిపెట్టలే బిడ్డా. నీ కోసం ఈడికొచ్చి కొట్లాడింది. ఆమె చెప్పింది నేను రాయలే" అన్నారు, నిండు కచేరీలో, అందరూ వింటుండగా.

పదవీ విరమణ మరునాడే పూలమ్మను వెంటబెట్టుకుని వారు ఆమె తల్లి ఉంటున్న హసన్‌పర్తికి వెళ్తున్నారు. పద్నాలుగేళ్ళు బిడ్డకు దూరమైన చిలుకమ్మ వారిని ఎన్నైనా అనవచ్చు, అనాలి కూడా. క్షమించమని ఆమెను అడిగే హక్కు మాకు లేదు. ఆ తల్లి చెప్పేదంతా ఈసారి ఒక్క మాట పోకుండా వినగల నిబ్బరాన్ని, ఆపైన సతీమణి శ్రీమతి రాజేశ్వరి గారితో కూడి ఆయురారోగ్యాలతో నిండైన జీవితాన్ని శ్రీ వీరభద్రం గారికి ప్రసాదించమని భగవంతుణ్ణి ప్రార్థిస్తున్నాము.