టిక్కుమనని సెన్సర్లు

వెనక ఏమీ లేకపోయినా బీప్ బీప్‌మంటూ గోల చేస్తున్న కారును బావమరిది షెడ్డుకు తెచ్చాడు. మెకానిక్ బావ రివర్స్ గేరు వేయించి, బంపరులోని నాలుగు సెన్సర్లకూ వరసగా చెవి ఆనించాడు.

“బాగున్న సెన్సరు గడియారంలా టిక్కుటిక్కుమంటుందిరా. ఇవి నాలుగూ చచ్చాయి.”

“నాలుగూ ఒకేసారా బావా? కూడబలుక్కున్నాయా?”

“పక్క వీధిలో ఇంజను దగ్గితే ఏ బోల్టు వదులైందో చెప్పే చెవిరా ఇది. అనుమానమైతే నువ్వే విను.”

బావమరిది కారు దిగొచ్చి వంగి విన్నాడు. ఎడమ చివరిది ఒక్కటే మూగగా ఉంది. మిగతా మూడూ టిక్కుటిక్కుమంటున్నాయి. నమ్మలేక మళ్ళీ మొదటినుంచీ విన్నాడు.

“ఏరా, చచ్చాయా లేదా?”

“మూడు పలుకుతున్నాయి బావా.”

బావ మళ్ళీ వంగాడు. ఈసారి రెండో చెవి కూడా ఆనించి చూశాడు.

“ఈమధ్య మీ అక్క గొణుగుడు తగ్గిందని సంబరపడ్డానురా.”

“అక్క ఏమీ తగ్గించలేదు బావా.”

“ఇన్నేళ్ళూ చెవితోనే బండ్లు బాగుచేశాను. ఇక దేనితో చెయ్యను?”

బావమరిది బంపరు మీది దుమ్ము తుడవసాగాడు. బావ నిట్టూర్చి లేచాడు.

“పోనీలే, ఆ బీపన్నా దానంతటదే ఆగింది.”

కారులో బీప్ మోగుతూనే ఉంది.

“అవును బావా, ఆగింది,” అన్నాడు బావమరిది.