తొట్టిలో చుట్టాలు

పెద్ద వరద వచ్చి మా వీధిలో పడవలు తిరిగిన ఏడు అది. నీళ్లు తీసి, గోడలు ఆరాక, రంగు చేపలూ పగడాలూ అమ్మే కొట్టాయన ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. నేనే రమ్మన్నాను. మా ఆవిడ పగడాలు పెంచిన ఉప్పునీళ్ల తొట్టి ముందు ఇద్దరం కూర్చున్నాం.

“అది కాదు పెద్దాయనా, దాని పక్కది. ఆ పచ్చది. దాని పేరేంటి?”

“అత్తగారు.”

“ఎవరి అత్తగారు?”

“నా అత్తగారు. మా ఆవిడ వాళ్లమ్మ.”

“నేనడిగేది పగడం పేరండీ.”

“నేను చెప్పేదీ అదే.”

“ఓహో, అమ్మగారు పెట్టిన పేరా?”

“ఊఁ.”

“కొట్లో దీన్ని హ్యామర్ అంటాం. ఈ వేళ్ల కొసలు చూడండి, బుల్లి సుత్తుల్లా లేవూ? అదిగో, అటుపక్కదానికి కొసన ఉత్త చుక్కే ఉంది. అది టార్చ్. చాలామందికి తేడా తెలీదు. రెంటినీ ఒక్కచోట పెడతారు, కొట్టుకు చస్తాయి.”

“అది పెద్ద మరదలు. అందుకే దూరంగా పెట్టింది.”

“భలే! మరి ఈ ముడతలది? అచ్చం మెదడులా ఉంటుంది కదా, దీన్ని మేం...”

“మేనత్త. ఎప్పుడూ ఏదో ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టేది.”

“ఈ పుట్టగొడుగు?”

“చిన్న తోడల్లుడు. ఒకచోట ఉండడు. ఎక్కడ రాయి కనబడితే అక్కడికి పోయి అతుక్కుంటాడు.”

“నిజమేనండోయ్, ఈ జాతి అంతే! అమ్మగారు ఇల్లంతా నీళ్లలో పెట్టేశారు. మరి ఇందులో మీరేది?”

“నేను లేను.”

“లేకపోవడమేంటి? అడగలేదా?”

“అడగలేదు.”

“ఎందుకని?”

“నిన్ను పిలిచింది ఈ మూల రాయి చూడ్డానికి.”

“చూస్తానండీ, చూస్తా. దీపం కొంచెం ఇటు తిప్పండి. ఆఁ, చాలు. ఏముంది దీని మీద?”

“ఆవిడ ఆఖర్న అంటించిన ముక్క. నీ కొట్లోదే. బాగా విచ్చుకున్నాక మొహం చూసి పేరు పెడతానంది. ఈలోపల ఆవిడే పోయింది.”

“తెలుసండీ. ఆ రోజు వచ్చాను కదా నేను.”

“వచ్చావా?”

“వచ్చానండీ. ఇల్లంతా జనం. మీరు మాత్రం తొట్టికి నీళ్లు మారుస్తున్నారు.”

“అది నీళ్లు మార్చే రోజు.”

“అవుననుకోండి. ఇప్పుడెవరైనా వస్తుంటారా?”

“మీటరు చూసేవాడు.”

“అయ్యో, చుట్టాలూ...”

“ఉన్నారుగా తొట్టిలో. నువ్వు రాయి చూడు. ఆ ముక్క ఇప్పుడు విచ్చుకుంది. వరద ముందు నుంచీ విచ్చుకుంటూనే ఉంది. దాని జాతేంటో చెబితే, ఎవరి పోలికో నేను కనిపెడతా. పేరు పెట్టాలి. ఆవిడ పని అదొక్కటే మిగిలింది.”

“ఏదీ, ఈ గోధుమరంగుదా?”

“అదే. కుర్చీ లాక్కుని కూర్చుంటే చాలు, వేళ్లన్నీ చాస్తుంది. రొయ్య పొడి నేనే పెడతా.”

“సన్న పుల్ల ఏమన్నా ఉందా?”

“ముట్టుకోకు.”

“ఒక్కసారి. జాతి తెలియాలంటే ముట్టుకోవాలండీ. పగడమైతే మెల్లగా ముడుచుకుంటుంది, కింద ఎముక తగులుతుంది. ఇదేమో... చూశారా? చటుక్కున కన్నంలోకి పోయింది. ఎముక లేదు.”

“అయితే?”

“పెద్దాయనా, ఏమీ అనుకోకండి.”

“చెప్పు.”

“ఇది పగడం కాదు. ఏదో నోరు తిరగని పేరుంది, మేం గాజు పువ్వు అంటాం. చేలో కలుపు లాంటిది. ఎవరూ తేనక్కర్లేదు, రాళ్లను పట్టుకుని వచ్చేస్తుంది. మూల చూసుకుని కూర్చుంటుంది. పక్కవాటిని కుట్టి కుట్టి చోటు చేసుకుంటుంది.”

“కలుపా.”

“కలుపేనండీ. మీరు మేపుతున్నారు.”

“ఆవిడ ముక్కేది మరి?”

“దీని కిందే ఉండాలి. ఆ భూతద్దం ఇలా ఇవ్వండి. చుక్కల పగడం కదూ అమ్మగారు పట్టుకెళ్లింది... ఇదిగో. తెల్లబడిపోయిందండీ. ఉత్త ఎముక.”

“మొత్తమా?”

“మొత్తం... ఆగండాగండి. ఈ అంచున ఆకుపచ్చ కనబడుతోంది. గోరంత. నోరు కూడా ఉంది. బతికే ఉందండీ!”

“ఉందా? సరిగ్గా చూడు.”

“సరిగ్గానే చూస్తున్నా. పైదాన్ని తీసేస్తే ఇది కోలుకుంటుంది. తీయకపోతే ఎన్నాళ్లో నిలవదు. సూది నా సంచిలోనే ఉంది. సున్నపు తేట పట్టి దాని నోట్లో వదిలామనుకోండి, అక్కడికక్కడే కరిగిపోతుంది. కోయడం మాత్రం కూడదు. కోస్తే ముక్కకొకటి మొలుస్తుంది.”

“సున్నం నాకు తెలుసు. చేతులు తినేస్తుంది.”

“దీనికేం తెలీదులెండి.”

“వరదలో అందరూ పడవెక్కి పోయారు. నన్నూ రమ్మన్నారు. కరెంటు లేదు, మోటారు లేదు, నేను పోతే దీనికి గాలెవరిస్తారు? చెంబుతో నీళ్లు ఎత్తి ఎత్తి పోస్తూ కూర్చున్నా.”

“ఊరికే పోలేదు కదండీ. గోరంతైనా మిగిలింది.”

“ఇది మిగిలింది.”

“మరి... పట్టమంటారా సూది?”

“ఉండు.”

“మీరు మరీ అంత ఇదవకండి. అమ్మగారికి దీని సంగతి ముందే తెలుసు.”

“కలుపని తెలుసా?”

“తెలియకపోవడమేంటి! ఈ సున్నపు తేటే నా దగ్గర పట్టుకెళ్లి, మర్నాడు వెనక్కి తెచ్చిచ్చేశారు. చంపబుద్ధి కాలేదయ్యా, ఉండనీ, అన్నారు. దీనికీ పేరు పెట్టారండోయ్!”

“పెట్టిందా? ఏమని?”

“చెబితే నవ్వుతారు. ఇల్లరికం అల్లుడు! మూల కూర్చుంటాడు, మాట్లాడడు, పెడితే తింటాడు, ముట్టుకుంటే ముడుచుకుంటాడు అని, ఒకటే నవ్వు ఆవిడ... ఏంటండీ, అలా చూస్తారు?”

“గోడ మీద ఆ ఫొటో చూశావా?”

“చూశాను. మీ నాన్నగారు కదూ?”

“ఆవిడ నాన్న. ఇల్లు ఆయనది. నేను ట్రంకుపెట్టె పట్టుకుని వచ్చా.”

“అయ్యో. అయ్యయ్యో. పెద్దాయనా, నాకు నిజంగా తెలీదు. నా నోరు పడిపోను...”

“సూది లోపల పెట్టు.”

“అది కాదండీ, అమ్మగారు సరదాకి...”

“ఇవాళ వద్దు. రేపు పొద్దున రా.”

“ఆ ముక్క ఆగదేమోనండీ. గోరంతే ఉంది.”

“విన్నాను. వెళ్లిరా నాయనా. గుమ్మం దగ్గర ఇంకా బురదుంది, చూసుకుని దిగు.”

మర్నాడు పొద్దున నేనే ఫోను చేశాను.

“సూది తేవద్దు.”

“ఎవరూ? పెద్దాయనా? ఏం చేశారు? కోసేశారా ఏంటి దాన్ని?”

“రాయి కోశా. దాన్ని కాదు.”

“రాయి కోయడమేంటండీ?”

“రాళ్లు చెక్కి బతికినవాణ్ణి. సన్న ఉలి పెట్టి, దాని పాదం కింద రాతిని విడగొట్టా. బొత్తామంత రాతిముక్కతో సహా వచ్చేసింది. ఎక్కడా చిరగలేదు.”

“బాబోయ్! ఆ పని నా వల్ల అయ్యేది కాదు. ఎక్కడ పెట్టారు?”

“గాజు సీసాలో. తొట్టి నీళ్లే పోశా. వేరు కాపురం.”

“నవ్వుతున్నారా మీరు?”

“లేదు.”

“అమ్మగారి ముక్క?”

“తొట్టిలోనే ఉంది. ఆవిడ ఇల్లు, ఆవిడ చుట్టాలు. కుట్టేవాడు బయటికొచ్చేశాడు.”

“అలా అనకండి. పెద్దాయనా, నిన్న మీకొకటి చెప్పలేదు. మీ మొహం చూశాక నోరు రాలేదు.”

“ఇంకేముంది?”

“ఆ ముక్క కొన్నప్పుడు నేనే చెప్పానండీ, కలుపుకి దూరంగా అంటించమని. వినలేదు. దాని పక్కనే పెడతానన్నారు. కుడుతుందమ్మా అన్నాను. కుట్టనీ, నాకలవాటే, అన్నారు.”

“ఊఁ.”

“అప్పటికే ఆస్పత్రి నుంచి వస్తున్నారు. మొహం బాగా పీక్కుపోయింది. నేను పోతే ఒక్కడూ అయిపోతాడయ్యా, పక్కన ఒకటి ఉండాలి, అన్నారు. నేనేమో నవ్వాను. కలుపుని పట్టుకుని అయిపోతాడు ఏంటమ్మా, అయిపోతుంది అనాలి కదా అన్నాను.”

“ఏమంది?”

“జిగురు తీసుకుని వెళ్లిపోయారు. ఆ ‘డు’ ఎవరో నాకు నిన్న తెలిసిందండీ, మీ గుమ్మం దిగుతుంటే.”

“దాని వేళ్లు ఎంత దూరం సాగుతాయి?”

“దేనివి, కలుపువా? మహా అయితే బెత్తెడు.”

“తొట్టిలోనే, ఆవిడ ముక్కకి జానెడు దూరంలో పెడితే?”

“కుట్టదు. కుట్టలేదు.”

“అక్కణ్ణించి దానికి ఆ ముక్క కనబడుతుందా?”

“దానికి కళ్లుండవు పెద్దాయనా.”

“నాకున్నాయి. సీసా మూత తీసేశా, జిగురు పట్టుకురా.”